హైవే హోటల్ ముందు ఈవీ ఛార్జర్ పెట్టాలంటే: కిలోవాట్లకంటే ముందు కరెంటు లైను చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సూర్యాపేట దగ్గర 65వ జాతీయ రహదారి పక్కన మీకు హోటల్ ఉంది, ముందు పది గుంటల జాగా ఖాళీగా ఉంది. హైదరాబాద్–విజయవాడ మధ్య తిరిగే ఎలక్ట్రిక్ కార్లవాళ్ళు ఆగి "ఛార్జింగ్ ఉందా" అని అడిగి వెళ్ళిపోతున్నారు. ఒక కంపెనీ 120 కిలోవాట్లది పెట్టమంటోంది, ఇంకొకరు 30 చాలంటున్నారు. ఏది పెట్టాలి, కరెంటుకి ఏమేం కావాలి, పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. విడివిడిగా రెండు 60 కిలోవాట్ల డీసీ (వేగంగా ఎక్కించే) ఛార్జర్లు పెట్టండి, ఒక్కోదానికి రెండేసి సీసీఎస్-2 గన్నులు (మన కార్ల డీసీ ఛార్జింగ్‌కి వాడే ప్లగ్గులు) ఉండాలి. పక్కన ఒక 7.4 కిలోవాట్ల ఏసీ (నెమ్మదిగా ఎక్కించే) ఛార్జర్, ఒక 16 ఆంపియర్ల సాకెట్. ఒకేసారి అంత పెట్టుబడి కుదరకపోతే మొదట ఒక్క 60 పెట్టండి, కానీ ట్రాన్స్‌ఫార్మర్, ప్యానెల్, కేబుల్ కందకం, పునాది మాత్రం రెండోదానికి కూడా సరిపడేలా ఇప్పుడే చేయించండి. ఇదంతా మీ దగ్గర పగలూ రాత్రీ త్రీఫేజ్ కరెంటు సరైన వోల్టేజీతో వస్తుంటేనే. అది లేకపోతే ఏ ఛార్జరూ వద్దు, ముందు లైను సంగతి తేల్చుకోండి.

ఎందుకో ఇప్పుడు వివరంగా.

మీ దగ్గర ఆగే కారుకి ఎంత కరెంటు కావాలి?

హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. సూర్యాపేట ఇంచుమించు సగం దారి. నెక్సాన్ సైజు కారు హైవే మీద 100 వేగంతో, ఏసీ వేసుకుని పోతే కిలోమీటరుకి 150–160 వాట్అవర్లు తింటుంది (వెయ్యి వాట్అవర్లు ఒక యూనిట్). అంటే 45 యూనిట్ల బ్యాటరీ ఇంట్లో నిండుగా ఛార్జ్ చేసుకుని బయల్దేరినా మీ దగ్గరికి వచ్చేసరికి సగానికి కాస్త పైన మిగులుతుంది. లెక్క ప్రకారం విజయవాడ చేరొచ్చు, కానీ నాలుగైదు శాతంతో చేరాలి. కుటుంబంతో వెళ్ళేవాళ్ళెవరూ ఆ సాహసం చేయరు. మీ దగ్గర 15 యూనిట్లో 20 యూనిట్లో ఎక్కించుకుంటారు.

25 యూనిట్ల పంచ్ లాంటి చిన్న బ్యాటరీ కారైతే మీ దగ్గరికి వచ్చేసరికే ఇరవై శాతం దగ్గర పడుతుంది, దాదాపు నింపుకునే వెళ్ళాలి. విజయవాడ నుంచి తిరిగి వచ్చేవాళ్ళ సంగతి వేరు. అక్కడ చుట్టాలింట్లోనో లాడ్జిలోనో దిగి, ఛార్జింగ్ దొరక్క అరవై, డెబ్బై శాతంతో బయల్దేరతారు. వాళ్ళకి పాతిక, ముప్పై యూనిట్లు కావాలి. మొత్తం మీద బండికి 20–22 యూనిట్లు అనుకోండి.

ఇప్పుడు 60 కిలోవాట్ల ఛార్జర్ మీద మామూలు కారు సగటున 45 దాకా లాగుతుంది. 20 యూనిట్లకి అరగంట లోపే. భోజనం ఆర్డరిచ్చి, తిని, చేయి కడుక్కునేసరికి అయిపోతుంది. 30 కిలోవాట్లదైతే నలభై నిమిషాలు దాటుతుంది, ముప్పై యూనిట్లు కావాల్సినవాడికి గంట పైనే. ఒక్క బండి ఉన్నప్పుడు ఇబ్బంది లేదు, వెనక ఇంకోటి వచ్చి నిలబడితేనే తంటా. అందుకే 30 చాలదంటున్నాను.

మరి 120 ఎందుకు వద్దు?

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే కేటలాగులో రాసిన అంకె గన్ను చివర అలాగే రాదు. మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువ వాటి బ్యాటరీ వోల్టేజీ 320 నుంచి 400 మధ్య ఉంటుంది. చాలా ఛార్జర్లకి ఇచ్చే మామూలు గన్ను కేబుల్ 200 ఆంపియర్లది. 350 వోల్టులు, 200 ఆంపియర్లు అంటే 70 కిలోవాట్లు. ఛార్జర్ మీద 120 అని ఉన్నా ఆ గన్నులోంచి ఆ కారుకి 70 మించి పోదు. పైగా పంచ్, విండ్సర్ 38, నెక్సాన్ 45 లాంటివి తమంతట తామే 45–60 కిలోవాట్ల దగ్గర ఆగిపోతాయి, అది కూడా కాసేపే. 80 శాతం దగ్గరికి వచ్చేసరికి బాగా తగ్గించేస్తాయి.

మహీంద్రా బీఈ 6, ఎక్స్ఈవీ 9ఈ లాంటివి పెద్ద బ్యాటరీతో 175 కిలోవాట్ల దాకా తీసుకోగలవు. అయానిక్ 5 లాంటి 800 వోల్టుల బండ్లూ ఉన్నాయి. అవి మీ 60 మీద కూడా ఛార్జ్ అవుతాయి, కాకపోతే 79 యూనిట్ల బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి తేవడానికి యాభై నిమిషాలు పడుతుంది. హోటల్ ఉన్న చోట అది భరించదగ్గదే. ఒక్కటి మాత్రం కొనేటప్పుడు కాగితం మీద రాయించుకోండి: ఛార్జర్ డీసీ వోల్టేజీ 1000 దాకా ఉండాలి. 500 వోల్టులకే ఆగిపోయే మోడల్ చవగ్గా వస్తుంది, తర్వాత వచ్చే బండ్లకి అది సరిపోదు.

అసలు కారణం ఇంకోటి ఉంది. డీసీ ఛార్జర్ లోపల 30 కిలోవాట్ల పవర్ మాడ్యూళ్ళు వరసగా ఉంటాయి. 60లో రెండు, 120లో నాలుగు. ఒక మాడ్యూల్ పోతే మిగతావాటితో నడుస్తుంది. కానీ కంట్రోలర్ బోర్డు, తెర, సిమ్ మోడెం, లోపలి కాంటాక్టరు (కరెంటు కలిపే పెద్ద స్విచ్చు) పోతే క్యాబినెట్ మొత్తం పడుకుంటుంది, రెండు గన్నులూ ఆగిపోతాయి. టెక్నీషియన్ హైదరాబాద్ నుంచి రావాలి, పార్టు ఇంకెక్కడినుంచో రావాలి. రెండు విడి క్యాబినెట్లు ఉంటే ఒకటి పోయినా రెండోది నడుస్తుంది. హైవే మీద ఛార్జర్‌కి అదే ప్రాణం. ఊళ్ళో ఛార్జర్ పనిచేయకపోతే పక్క వీధికి వెళ్తారు. ఇక్కడ పదిహేను శాతంతో వచ్చినవాడు ఎక్కడికీ వెళ్ళలేడు. ఒక్కసారి అలా ఇరుక్కున్నవాడు మ్యాపులో మీ పేరు కింద "పనిచేయడం లేదు" అని రాసి వెళ్తాడు. ఆ మాట చదివి ఆపకుండా పోయిన బండ్ల లెక్క మీకు ఎప్పటికీ తెలియదు.

సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు మీరు చూసే ఉంటారు. ఆ వారంలో, దసరా సెలవుల్లో ఒక్క గన్ను ఉన్న స్టేషన్‌లో గంటకి ఒకటిన్నర బండి కదులుతుంది. నాలుగో బండివాడు రెండు గంటలు ఆగాలి. మీ నాలుగు గన్నులకీ నాలుగు బండ్లు తగిలించుకుంటే ఒక్కోదానికి 30 చొప్పున పంచి ఇస్తుంది. నెమ్మదైనా నడుస్తోందని చూసినవాడు లోపలికొచ్చి కూర్చుంటాడు. ఎప్పుడొస్తుందో తెలియని వంతు కోసం నిలబడ్డవాడు గొడవ పడతాడు.

ఇప్పుడు అసలు పని: కరెంటు

60 కిలోవాట్లు బయటికి ఇవ్వాలంటే లోపలికి 63 కావాలి, నష్టాలుంటాయి కాబట్టి. 415 వోల్టుల దగ్గర ఫేజుకి 90 ఆంపియర్ల దాకా. వోల్టేజీ 370కి పడితే అదే పనికి 100 ఆంపియర్లు లాగుతుంది. రెండు డీసీ ఛార్జర్లు, ఒక ఏసీ ఛార్జర్ కలిపితే దాదాపు 135 కిలోవాట్లు. దానికి 160 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని ఇందులో కొలుస్తారు) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఒక్క 60కే అయితే 100 కేవీఏ సరిపోతుంది, కానీ రెండోది పెట్టేనాడు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి.

"మా హోటల్‌కి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఇచ్చేస్తారు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ వంటగది గ్రైండర్లు, ఫ్రీజర్లు, ఏసీలు ఒక పాతిక కిలోవాట్లు ఉన్నాయనుకోండి. దాని మీద 63 పడితే 100 కేవీఏది అంచుకి వచ్చేస్తుంది. పక్కింటివాళ్ళ కనెక్షన్లు కూడా అదే డీటీఆర్ (పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్) మీద ఉంటే ఎండాకాలం సాయంత్రం ఫ్యూజులు పోతూనే ఉంటాయి. 63 కేవీఏది అయితే ఆ మాటే వద్దు.

డబ్బు కట్టేముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఖర్చు కూడా లేదు. సబ్‌స్టేషన్‌కి వెళ్ళి మీ 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి మీ ట్రాన్స్‌ఫార్మర్‌కి వచ్చే లైను) ఏదో అడగండి. వ్యవసాయ ఫీడర్ అయితే జాగ్రత్త. మోటార్లన్నీ నడిచే రోజుల్లో వోల్టేజీ పడుతుంది, త్రీఫేజ్ కొన్ని గంటలే ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి. టౌన్ ఫీడరో పరిశ్రమల ఫీడరో దగ్గర్లో ఉంటే దానిమీంచి ఇమ్మని దరఖాస్తులోనే అడగండి. నాలుగు స్తంభాలు ఎక్కువైనా ఆ ఖర్చు దండగ కాదు.

తర్వాత, ఒక వారం పాటు మూడు వేళల్లో వోల్టేజీ రాసిపెట్టండి: పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఏడు–తొమ్మిది మధ్య. మల్టీమీటరుతో మూడు ఫేజుల మధ్యా చూడాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా చూడాలి. చాలా ఛార్జర్లు 415కి పది శాతం అటూఇటూ, కొన్ని పదిహేను శాతం దాకా ఓర్చుకుంటాయి. 370 కిందికి పడుతోందంటే కొన్ని మోడళ్ళు అక్కడే ఆగిపోతాయి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కి ట్యాప్ (వోల్టేజీ సర్దే మీట) ఉంటే లైను ఆపి 2.5 శాతం చొప్పున పెంచవచ్చు, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ళే చేస్తారు. స్టెబిలైజర్ పెడదామని ఎవరైనా అంటే మాత్రం వద్దు, ఆ సైజుది చాలా ఖరీదు, పాడయ్యేది ఇంకోటి పెరుగుతుంది.

న్యూట్రల్–ఎర్త్ మధ్య 3 వోల్టులు దాటకూడదు. ఇది చాలామంది చూడరు. ఫేజుల మీద లోడు సమానంగా లేని పల్లె లైన్లలో అది పది దాటుతుంది, అప్పుడు ఛార్జర్ తెర మీద "ఎర్త్ ఫాల్ట్" అని వచ్చి ఆగిపోతుంది. ఛార్జర్ పాడైందని కంపెనీని తిడతారు, తప్పు భూమిలో ఉంటుంది. ఒక్కో ఛార్జర్‌కి రెండు విడి ఎర్త్ పిట్లు తవ్వించండి, మధ్య కనీసం 3 మీటర్లు ఉండాలి. రెసిస్టెన్స్ 1 ఓమ్ దగ్గరికి తెచ్చుకోండి. మీ ప్రాంతంలో మే నెల ఎండకి నేల ఎండి పిట్లు పనిచేయడం మానేస్తాయి. హోటల్ చేతులు కడిగే నీళ్ళ పైపు ఒకటి అటు మళ్ళించినా చాలు.

కనెక్షన్, టారిఫ్, అనుమతులు

ఛార్జింగ్ స్టేషన్ పెట్టడానికి విద్యుత్ లైసెన్సు అక్కర్లేదు. కరెంటు అమ్మడం కాదు, సేవ ఇవ్వడం అని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే తేల్చింది. హైవేల మీద ప్రతి 20 కిలోమీటర్లకు రెండు వైపులా స్టేషన్ ఉండాలని ఆ శాఖ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది కూడా. కాబట్టి మీ దరఖాస్తుని ఎవరూ వింతగా చూడరు.

హోటల్ మీటరు మీద ఛార్జర్ నడపకండి. హోటల్‌ది వాణిజ్య కేటగిరీ. వాడకం పెరిగితే యూనిట్ పది రూపాయలు దాటుతుంది. ఈవీ ఛార్జింగ్‌కి తెలంగాణలోనూ ఆంధ్రలోనూ విడి కేటగిరీ ఉంది, యూనిట్ ఆరేడు రూపాయల మధ్య పడుతుంది. దానికి విడి సర్వీసు, విడి మీటరు తీసుకోవాలి. ఒకే ఆవరణలో రెండో సర్వీసు ఇవ్వరేమో అని భయపడొద్దు. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఈవీకి విడి కనెక్షన్ అడిగే హక్కు స్పష్టంగా ఉంది. పల్లెల్లో కొత్త కనెక్షన్ గడువు కూడా 30 రోజుల నుంచి 15కి తగ్గించారు. కొత్త లైను, ట్రాన్స్‌ఫార్మర్ వేయాల్సిన అవసరం లేని వాటికే ఆ గడువు. మీదానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, రెండు మూడు నెలలు చేతిలో పెట్టుకోండి.

వరస ఇలా ఉంటుంది. డిస్కం సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర లోడు చెప్పి సాధ్యాసాధ్యాలు చూడమనండి. మీ లోడుకి ఎల్‌టీ (415 వోల్టుల మామూలు సర్వీసు) ఇస్తారా, 11 కేవీ హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ సర్వీసు) తీసుకోవాలా అన్నది అక్కడే తేలుతుంది. ఎల్‌టీ పరిమితి టారిఫ్ ఉత్తర్వులతో మారుతుంటుంది కాబట్టి ఆ రోజు ఉన్నది రాతలో తీసుకోండి. హెచ్‌టీ అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీదే, విద్యుత్ తనిఖీ శాఖ అనుమతి కావాలి, కేవీఏకి ఇంతని డిమాండ్ ఛార్జీ నెలనెలా పడుతుంది. ఎస్టిమేట్ వచ్చాక డబ్బు కట్టి, లైసెన్సున్న కాంట్రాక్టరుతో పని చేయించి టెస్ట్ రిపోర్టు ఇవ్వాలి. హైవే మీదికి మీ హోటల్ దారికి ఇప్పటికే అనుమతి ఉంటే సరి. కొత్తగా దారి కోస్తే మాత్రం జాతీయ రహదారుల సంస్థ అనుమతి లేకుండా ముట్టుకోకండి.

సబ్సిడీ గురించి అడుగుతారని తెలుసు. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్లు కేటాయించారు. తెలంగాణలో టీజీరెడ్కో, ఆంధ్రలో ఎన్ఆర్ఈడీక్యాప్ (రెండూ ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థలు) నోడల్ సంస్థలు, అక్కడ కనుక్కోండి. అయితే అది వస్తుందనుకుని లెక్క వేసుకోకండి. రాకపోయినా నిలబడేలా ఉంటేనే దిగండి.

స్థలంలో చేయించాల్సినవి

ఒక్కో 60కి 125 ఆంపియర్ల ఎంసీసీబీ (పెద్ద సర్క్యూట్ బ్రేకరు), ఎర్త్ లీకేజ్ రక్షణ, ప్యానెల్లో పిడుగుల కోసం సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి. కేబుల్ మూడున్నర కోర్ల 70 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఆర్మర్డ్ మామూలుగా సరిపోతుంది. ప్యానెల్ నుంచి ఛార్జర్ యాభై మీటర్లు దాటితే 95కి వెళ్ళండి. 750 మిల్లీమీటర్ల లోతు కందకంలో, పైపులో వేయించండి. పక్కనే రెండు ఖాళీ పైపులు ఇప్పుడే పాతిపెట్టాలి, ఒకటి రెండో ఛార్జర్ కేబుల్‌కి, ఒకటి ఇంటర్నెట్ తీగకి. పునాది నేలకంటే అడుగున్నర ఎత్తులో ఉండాలి, వానలకి హైవే నీళ్ళన్నీ మీ జాగాలోకే వస్తాయి.

ఛార్జర్ ఎక్కడ నిలబెట్టాలన్నది చాలామంది ఆలోచించరు. ఎంజీ జెడ్ఎస్, క్రెటా ఎలక్ట్రిక్‌లకి ఛార్జింగ్ మూత ముందు ఉంటుంది. నెక్సాన్‌కి, అయానిక్ 5కి వెనక పక్కన. గన్ను కేబుల్ నాలుగైదు మీటర్లే. అందుకని ఛార్జర్‌ని రెండు పార్కింగ్ గళ్ళ మధ్య గీత తలదగ్గర పెట్టండి, బండి ముందుకీ వెనక్కీ ఎలా పెట్టినా అందుతుంది. గడి వెడల్పు 3 మీటర్లు ఇవ్వండి. ముందు వీల్ స్టాపర్లు, రెండు ఇనుప స్తంభాలు తప్పనిసరి. లారీ వెనక్కి తీస్తూ తగిలితే గన్ను హోల్డరు, తెర, బోర్డు అన్నీ ఒకేసారి పోతాయి.

పైన రేకుల పందిరి వేయించండి. తడవకుండా ఉండటం ఒక్కటే కాదు ఉద్దేశం. నేరుగా ఎండ పడే క్యాబినెట్ లోపల వేడెక్కితే ఛార్జర్ తనంతట తానే పవర్ తగ్గించేస్తుంది. సూర్యాపేట, కోదాడ ప్రాంతాల్లో ఎండాకాలం 44, 45 డిగ్రీలు మామూలే. మధ్యాహ్నం మూడింటికి 60ది 35 ఇస్తోందంటే మొదట చూడాల్సింది గాలి ఫిల్టరు. హైవే దుమ్ము, లారీల పొగ కలిసి రెండు వారాల్లో దాన్ని నల్లటి దుప్పటిలా మూసేస్తాయి. ఎండాకాలం పదిహేను రోజులకోసారి తీసి దులపాలి. పది నిమిషాల పని, మీ కుర్రాడే చేయగలడు.

రోజువారీ ఏం చెడుతుంది, మీ మనిషి ఏం చేయాలి

కౌంటర్‌లో కూర్చునే ఒక మనిషికి ఇవి నేర్పించండి. హైవేల మీద "పనిచేయడం లేదు" అనిపించుకున్న ఛార్జర్లలో చాలావాటికి ఇంజినీరు అవసరమే ఉండదు.

ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఎవరో నొక్కి వదిలేస్తారు. పిల్లలు ఎక్కువ. దాన్ని బాణం గుర్తు వైపు తిప్పితే బయటికొస్తుంది, ఛార్జర్ మళ్ళీ లేస్తుంది. ఇది తెలియక రెండు రోజులు స్టేషన్ మూసుకున్నవాళ్ళున్నారు.

గన్ను పెట్టాక "కమ్యూనికేషన్ ఫెయిల్" అని వస్తే, కేబుల్ బరువుకి గన్ను కిందికి వాలి సిగ్నల్ పిన్ను సరిగ్గా తగలడం లేదన్నమాట. గన్ను పిడిని చేత్తో కాస్త పైకి ఎత్తిపట్టి, గట్టిగా లోపలికి నొక్కి, ఛార్జింగ్ మొదలయ్యేదాకా అలాగే ఉంచాలి. మొదలయ్యాక తాళం పడుతుంది, వదిలేయొచ్చు.

వానలో "ఐసొలేషన్ ఫాల్ట్" వస్తే గన్ను మొహంలో నీళ్ళు చేరాయి. స్విచ్చులాపి, తలకిందులుగా దులిపి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు గాలికి ఆరబెట్టాలి. లోపల వేళ్ళు, చీపురుపుల్లలు పెట్టకూడదు. గన్ను నేలమీద పడేసి వెళ్ళకుండా హోల్డరులో పెట్టించడమే అసలు మందు.

ఛార్జింగ్ అయ్యాక గన్ను రాకపోతే లాగొద్దు. ముందు యాప్‌లో ఆపాలి, తర్వాత కారు తాళం ఒకసారి వేసి తీయాలి. అప్పుడూ రాకపోతే చాలా కార్లకి చేత్తో తాళం వదిలించే తీగ ఉంటుంది, ఓనరు మాన్యువల్‌లో చూపిస్తారు.

ఇక సిమ్ గొడవ. ఛార్జర్ ఓసీపీపీ (ఛార్జర్లకీ సర్వర్లకీ మధ్య ఉమ్మడి భాష) ద్వారా కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది. ఇనుప పెట్టెలో ఉన్న సిమ్‌కి సిగ్నల్ పోతే, యాప్‌లో డబ్బున్నా కరెంటు రాదు. రెండు సిమ్‌ల మోడెం అడగండి. హోటల్‌కి ఫైబర్ ఇంటర్నెట్ ఉంటే తీగ లాగి, రూటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి. నెట్ పూర్తిగా పోయినా కౌంటర్‌లో ఉన్న ఆర్ఎఫ్ఐడీ (ఛార్జర్‌కి తాకిస్తే పనిచేసే) కార్డుతో మొదలుపెట్టి, యూపీఐతో మీ దగ్గరే డబ్బు తీసుకునే వీలు ఉండాలి. కొనేముందు నెట్ తీసేసి ఆ పని చేసి చూపించమనండి.

7.4 కిలోవాట్ల ఏసీ, సాకెట్ ఎందుకన్నానంటే, రెండు డీసీలూ పోయిన రోజు అవే ఆదుకుంటాయి. ఏసీ మీద రెండు గంటల్లో 14 యూనిట్ల దాకా, అంటే ఎనభై తొంభై కిలోమీటర్లు వస్తుంది. కారు ఏసీ ఛార్జర్ నుంచి తీసుకునేది 3.3 కిలోవాట్లు మాత్రమే అయితే ఇంకా నెమ్మది. అయినా బండి లారీమీద ఎక్కించుకుని పోవడం తప్పుతుంది. జనరేటరు మీద డీసీ నడపాలని మాత్రం చూడకండి. లీటరు డీజిల్‌కి మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి, కొన్న ధరకే మీరు అమ్మలేరు.

గిట్టుబాటు

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం, మీ అంకెలు పెట్టుకుని మార్చుకోండి. యూనిట్ 20 రూపాయలకి అమ్మారు, అందులో 18 శాతం జీఎస్‌టీ పోతే చేతికి 16.95. కరెంటు, మీటరు నుంచి గన్ను దాకా పోయే ఏడు శాతం నష్టం, ఫిక్స్‌డ్ ఛార్జీ కలిపి యూనిట్‌కి 7 అనుకోండి. యాప్, చెల్లింపుల కంపెనీ వాటా పది శాతం, 1.70. మిగిలేది 8.25.

రోజుకి ఆరు బండ్లు, బండికి 22 యూనిట్లు అంటే 132 యూనిట్లు, నెలకి 32 వేల పైచిలుకు. రెండే బండ్లు వస్తే 11 వేలు కూడా రాదు. ఇందులోంచే మెయింటెనెన్స్ ఒప్పందం, ఇన్సూరెన్స్, బ్యాంకు కిస్తీ కట్టాలి. రోజుకి సగటున నాలుగు బండ్లు రావన్న అనుమానం ఉంటే సొంత పెట్టుబడితో రెండో ఛార్జర్‌కి తొందరపడొద్దు. కరెంటుకి జీఎస్‌టీ లేదు కాబట్టి దానిమీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు. ఛార్జర్ మీద కట్టే 5 శాతానికి వస్తుంది, మీ అకౌంటెంటుకి ముందే చెప్పండి. ఇవన్నీ ఛార్జర్ లెక్కలే. అరగంట ఆగిన కారులోని ముగ్గురో నలుగురో మీ దగ్గరే తింటారు, ఆ లెక్క మీకే బాగా తెలుసు.

సొంతంగానా, కంపెనీకి జాగా ఇచ్చి వాటా తీసుకోవాలా? ట్రాన్స్‌ఫార్మర్‌కి కూడా వాళ్ళే పెట్టుబడి పెడతామంటే వాటా పద్ధతి మీకు తేలిక. కానీ ఒప్పందంలో ఇవి చూడండి. కరెంటు సర్వీసు ఎవరి పేరున, బిల్లు ఎవరు కట్టాలి. చెడిపోతే ఎన్ని గంటల్లో మనిషి రావాలి, రాకపోతే ఏంటి. గన్ను, ఒక మాడ్యూల్ స్పేర్ హైదరాబాద్‌లో ఉంచుతారా. ఎన్నేళ్ళ కట్టుబాటు, మధ్యలో వాళ్ళు మానేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిది. పదేళ్ళు కట్టిపడేసి, బాగు చేయడానికి గడువు రాయని ఒప్పందం మీద సంతకం పెట్టకండి. పాడైన ఛార్జర్ మీ జాగాలో నిలబడి మీ పేరే చెడగొడుతుంది, ఇంకొకరిని పెట్టుకునే వీలు కూడా ఉండదు.

రాత్రిపూట లైటు, తెరిచి ఉండే శుభ్రమైన బాత్రూము, సీసీ కెమెరా ఉండాలి. హోటల్ పదింటికి మూసినా ఛార్జర్ దగ్గరికి గేటు తెరిచి ఉండాలి. మధ్యరాత్రి బయల్దేరేవాళ్ళు హైదరాబాద్–విజయవాడ దారిలో ఎక్కువ. గడుల్లో పెట్రోలు కార్లు పెట్టకుండా ఆకుపచ్చ రంగు కొట్టించి, వాచ్‌మన్‌కి చెప్పి ఉంచండి.

మీ డీటీఆర్ మీద ఉన్న ప్లేటు ఫోటో, వారం రోజుల వోల్టేజీ అంకెలు, ప్యానెల్ నుంచి గడుల దాకా మీటర్లలో దూరం ఇక్కడే పెట్టండి. కేబుల్ సైజు, వోల్టేజీ పతనం లెక్క వేసి చెప్తాను, ఏఈ దగ్గరికి ఆ కాగితంతోనే వెళ్ళవచ్చు.